వద్దని చెప్పగల ప్లీడర్లు కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అడ్వకేట్ జనరల్ (ఏజీ) గార్లకు.

అయ్యా,

ఈ ఉత్తరంలో మీ ఇద్దరి పేర్లూ రాయలేదు. ఆ కుర్చీల్లో ఎవరున్నా చదవాల్సిన సంగతులని నా ఉద్దేశం. 2019లో ఆంధ్రలో ఎన్నికల ఫలితాలు రాగానే అప్పటి ఏజీ గారు రాజీనామా చేశారు. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారగానే అక్కడి ఏజీ గారూ తప్పుకున్నారు. 2024లో ఆంధ్రలో మళ్లీ అదే జరిగింది. ఏజీ గారి వెనకే ప్రభుత్వ ప్లీడర్లు (జీపీలు), సహాయ ప్రభుత్వ ప్లీడర్లు (ఏజీపీలు), కార్పొరేషన్ల స్టాండింగ్ కౌన్సిళ్లు వరసగా మారతారు. బల్లల మీద కేసు కట్టలు మాత్రం అవే ఉంటాయి. ఆ కట్టల్లో ఇరుక్కున్న రైతులూ, టీచర్లూ, పెన్షనర్లూ వాళ్లే ఉంటారు.

నేను రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. కలెక్టరేట్లో కోర్టు కేసుల సీటు చాలాకాలం చూశాను. ఆ సీటు కోసం ఎవరూ పైరవీ చేయరు. వచ్చినవాడు పోవడానికే చేస్తాడు. ఎక్కడ పనిచేశానో, ఎవరి హయాంలోనో చెప్పదలచుకోలేదు. నేను రాసేది ఒకరి మీద ఫిర్యాదు కాదు. ఏ జిల్లాలో ఆ సీటు చూసినవాణ్ని అడిగినా ఇదే కథ చెబుతాడు.

మీ ఆఫీసు గురించి జనానికి తెలిసింది టీవీ స్క్రోలింగులో కనబడేదే: ప్రభుత్వం తరఫున ఏజీ వాదనలు వినిపించారు, విచారణ వాయిదా పడింది. అందుకని మీరంటే ప్రభుత్వ పెద్దల కేసులు వాదించే పెద్ద వకీలు అనే అనుకుంటారు. రాజ్యాంగం 165వ అధికరణ మీకిచ్చిన పనుల్లో మొదటిది వాదన కాదు. న్యాయ విషయాల్లో ప్రభుత్వానికి సలహా ఇవ్వడం మొదటి పని. అప్పగించిన న్యాయపరమైన బాధ్యతలు చూడటం దాని తర్వాత. హైకోర్టు జడ్జి కాగల అర్హత ఉన్నవారే ఈ పదవికి తగినవారని షరతు పెట్టారు. 177వ అధికరణ మీకు శాసనసభలో మాట్లాడే హక్కు ఇచ్చింది, ఓటు మాత్రం ఇవ్వలేదు. ఇంత మర్యాద ఇచ్చి కూర్చోబెట్టింది ప్రభుత్వం ఏమంటే దానికి తలూపడానికి అయి ఉండదు.

చరిత్రలో ఒక ముచ్చట నాకు ఇష్టం. రాజ్యాంగ ముసాయిదాలో, ముఖ్యమంత్రి రాజీనామా చేస్తే అడ్వకేట్ జనరల్ కూడా దిగిపోవాలని ఒక క్లాజు ఉండేది. చర్చకు వచ్చినప్పుడు దాన్ని తీసేసి, గవర్నరు అభీష్టం ఉన్నంతకాలం అని మార్చారు. ఆ ముసాయిదా సంఘంలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ సభ్యులు. నెల్లూరు జిల్లాలో పుట్టినవారు. 1929 నుంచి 1944 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ఆయనే అడ్వకేట్ జనరల్. ఆ పదిహేనేళ్లలో మద్రాసులో ఎన్ని మార్పులు జరిగాయో చూడండి. జస్టిస్ పార్టీ వచ్చింది, బొబ్బిలి రాజా ముఖ్యమంత్రిగా ఉన్నారు, 1937లో కాంగ్రెసు గెలిచి రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది, 1939లో అదీ రాజీనామా చేసింది, తర్వాత గవర్నరు పాలన. ఇన్ని జరిగినా అల్లాడి వారి కుర్చీ కదల్లేదు. తెల్లవాళ్ల కాలంలో నిలిచిన మర్యాద అది. మనం మాత్రం ముసాయిదాలోంచి తీసేసిన క్లాజును ఆచారంగా పాటిస్తున్నాం.

అయినా మీ వరకూ ఆ మార్పును నేను తప్పుపట్టను. ప్రభుత్వానికి తను నమ్మే మనిషి పక్కన ఉండాలనుకోవడం సహజం. నా బాధంతా మీ కింది అంతస్తుల గురించే.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మంజూరైన జడ్జి పోస్టులు 37, తెలంగాణకు 42. ఈ కోర్టుల్లో పొద్దున లిస్టు తీస్తే ఎక్కువ కేసుల్లో ఒక పక్షం ప్రభుత్వమే. రెవెన్యూ, సర్వీసెస్, హోం, భూసేకరణ, పంచాయతీరాజ్, మున్సిపల్, దేవాదాయం, ఇలా సబ్జెక్టులు పంచుకున్న జీపీలు, వాళ్ల కింద ఏజీపీలు. రిట్ వేసేవాళ్లు ముందే ఒక కాపీ జీపీ ఆఫీసులో ఇచ్చి వెళ్తారు. కేసు పిలిచినప్పుడు ఏజీపీ లేచి, ప్రతివాదుల తరఫున నోటీసు తీసుకుంటున్నాను, ఇన్‌స్ట్రక్షన్స్ కోసం సమయం కావాలి అంటారు. ఆ రోజుకు అంతే. అక్కణ్నుంచి ఆ కాపీ జిల్లాకు, జిల్లా నుంచి డివిజనుకు, డివిజను నుంచి మండలానికి దిగుతుంది. తహశీల్దారు దాన్ని రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు రాస్తారు, ఆయన ఊళ్లోని రెవెన్యూ ఉద్యోగిని అడుగుతారు. కింద నుంచి పైకి పేరావైజ్ రిమార్కులు ఎక్కాలి. పిటిషన్లో మొదటి పేరాకు ఇది మా జవాబు, రెండో పేరాకు ఇది అని రాసే కాగితం అది. ఈలోగా కోర్టులో మళ్లీ పిలుస్తారు, ఏజీపీ మళ్లీ లేచి మళ్లీ సమయం అడుగుతారు. జడ్జి విసుక్కుంటే తిట్లు తినేది ఆ నల్లకోటు పిల్లాడే. శాఖకు ఫోను చేసి గట్టిగా మాట్లాడితే, మీరెవరు మాకు చెప్పడానికి అని అటు నుంచి గదమాయింపు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఒక కేసు చెబుతాను. ఒక ఊళ్లో ఒక సర్వే నంబరు, దానికి మూడు సబ్‌డివిజన్లు. ఒకటి చెరువు పోరంబోకు, మిగతా రెండూ పట్టా భూములు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత భూముల జాబితా పంపించేటప్పుడు ఎవరో సబ్‌డివిజన్లు చూడకుండా మొత్తం సర్వే నంబరును జాబితాలో పెట్టేశారు. అందులో ఎకరంన్నర ఉన్న రైతు, కూతురి పెళ్లికి అర ఎకరం అమ్ముదామని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్తే, ఇది ప్రభుత్వ భూమి, రిజిస్టరు కాదు అన్నారు. తహశీల్దారు ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నాడు, కలెక్టరేట్లో ఫిర్యాదు ఇచ్చాడు, చివరికి రిట్ వేశాడు. ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ 2015 చివర్లో వింజమూరి రాజగోపాలాచారి కేసులో ఈ జాబితాలు ఎలా పంపాలో విడమరచి చెప్పింది. ఏ క్లాజు కింద నిషేధిస్తున్నారో ఉండాలి, క్లాజు (ఇ) కిందైతే గెజిట్ నోటిఫికేషన్ కావాలి. ఈ కేసులో రెండూ లేవు. పైగా మా తహశీల్దారు గారు రిమార్కుల్లో ఉన్నదున్నట్టు రాశారు: సదరు సబ్‌డివిజన్ పట్టా భూమి, పొరపాటున జాబితాలో చేరినది. అచ్చ తెలుగులో ఒకే వాక్యం.

ఆ వాక్యం జీపీ ఆఫీసుకు చేరింది. చేర్చింది నేనే. ప్రభుత్వ జవాబుగా వేసే కౌంటరు తయారై సంతకానికి వచ్చాక చదివితే, పిటిషనరు ప్రభుత్వ భూమిని ఆక్రమించుకున్నాడని, అతనికి కోర్టుకు వచ్చే హక్కే లేదని, రిట్ విచారణకు అర్హం కాదని, భారీ ఖర్చులతో కొట్టేయాలని ఉంది. నాలుగో పేజీలో వేరే జిల్లాలోని ఊరి పేరుంది. వేరే కేసు కోసం టైపు చేసిన కౌంటరులో నంబర్లు మార్చి పంపారన్నమాట. ఒక్క ఊరి పేరు మార్చడం మర్చిపోయారు. తహశీల్దారు గారికి ఇంగ్లీషు రాదని కాదు, చదివే తీరిక లేదు. సంతకం పెట్టేశారు. అడిగితే, పైవాళ్లు డ్రాఫ్టు చేశారు కదయ్యా అన్నారు.

ఆ కౌంటరు రాసిన ఏజీపీని నేను తప్పుపట్టలేను. ఆయన బల్ల మీద ఆ వేళ కౌంటరు వేయాల్సిన కట్టలు నడుము ఎత్తున ఉన్నాయి. పక్కన టైపిస్టు ఒక్కడే, అతని కోసం ఇంకా ముగ్గురు ఏజీపీలు నిలబడి ఉన్నారు. మన రిమార్కులు ఫోనులో వాట్సాప్ ఫొటోలుగా వస్తే, వాటిలో సగం వంకరగా, సగం మసకగా. తెలుగు చేతిరాత ఇంగ్లీషు చేసి పెట్టే మనిషి ఆఫీసు మొత్తంలో లేడు. పాత కౌంటరులో నంబర్లు మార్చక ఏం చేస్తాడు?

కేసు విచారణకు వచ్చేసరికి పెళ్లి అప్పు చేసి జరిపించేశారు. జడ్జి గారు రెవెన్యూ రికార్డు నకలు చూసి అయిదు నిమిషాల్లో రిట్ అనుమతించారు. అక్కడితో అయిపోవాలి కదా. శాఖలో ఒక పెద్దమనిషి ఫైలు మీద, అప్పీలుకు వెళ్లే అవకాశం పరిశీలించవలెను అని రాశారు. దేనికి? ఆయనకు ఆ రైతెవరో తెలియదు. రేపు విజిలెన్సు వాళ్లో, ఆడిట్ వాళ్లో ప్రభుత్వ భూమి పోయింది, అప్పీలెందుకు వేయలేదు అంటే తన మెడకు చుట్టుకుంటుందని. నేను ఆ ఫైలు పట్టుకుని జీపీ ఆఫీసుకు వెళ్లాను. అప్పీలుకు 30 రోజులే గడువు, అది ఎప్పుడో దాటింది, ఈలోగా రైతు కోర్టు ధిక్కార కేసు (కంటెంప్ట్) వేశాడు. ఏజీపీ గారు ఆర్డరు చదివి, ఇందులో అప్పీలుకు ఏముంది సార్, ఇచ్చేయాల్సిందే అన్నారు. ఆ మాటే కాగితం మీద రాసివ్వండి, మా వాళ్లకు చూపిస్తాను అన్నాను. ఆయన నవ్వి, నాకెందుకండీ, వేయమంటే వేస్తాను అన్నారు. ఆలస్యాన్ని మన్నించమనే డిలే పిటిషన్‌తో సహా అప్పీలు వేశారు.

నాకెందుకండీ అన్న ఆ మాట గురించే ఈ ఉత్తరం.

ఇలాంటి అప్పీళ్లు పైకోర్టుకు చేరితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2012లో తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వచ్చినప్పుడు, ఫైళ్లు నెమ్మదిగా నడుస్తాయన్నది ఇక సాకు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. 2020 అక్టోబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజుల ఆలస్యంతో వస్తే, 25 వేల రూపాయల ఖర్చులు విధించి, బాధ్యులైన అధికారుల దగ్గర వసూలు చేయమంది. భేరూలాల్ కేసు అది. అందులో జడ్జి గారు వీటిని సర్టిఫికెట్ కేసులన్నారు. గెలుస్తామని కాదు, కొట్టేశారని ఒక కాగితం తెచ్చుకుని ఫైలు మూసేయడానికి వేసే కేసులని. జడ్జి గారు బయటి నుంచి చూసి చెప్పారు. నేను లోపలి నుంచి చూశాను. కొట్టేసిన ఆర్డరు వచ్చిన రోజు మా సెక్షన్లో ఎవరూ బాధపడరు. హమ్మయ్య అనుకుంటారు.

ఈ హమ్మయ్యకు ఖరీదు ఎవరు కడుతున్నారు? రైతు కడుతున్నాడు, కోర్టు సమయం కడుతోంది, ఖజానా కడుతోంది. దీన్ని ఆపగలిగింది ఒక్క మీ ఆఫీసే. కలెక్టరు ఆపలేరు, ఎందుకంటే ఆయనకు పైన సెక్రటరీ ఉన్నారు. సెక్రటరీ ఆపరు, ఎందుకంటే ఆయనకు రేపటి ఆడిట్ ఉంది. లా శాఖ అభిప్రాయం ఇస్తుంది గానీ కేసు నడిచే కోర్టు హాల్లో ఆ శాఖ ఉండదు. కోర్టు హాల్లో నిలబడి ఆర్డరు విన్న మనిషి, ఇది సరైన ఆర్డరు, అమలు చేయండి అని రాసివ్వాలి. అలా రాయాలంటే ఆ మనిషికి చట్టం తెలియాలి, ఫైలు చదివే తీరిక ఉండాలి, రాసినందుకు రేపు కుర్చీ పోదన్న భరోసా ఉండాలి. మూడోది లేనిచోట మొదటి రెండూ ఉండి లాభం లేదు.

ఆ భరోసా ఎంతుందో చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో లా శాఖ 2000 డిసెంబరు 6న జీవో ఎంఎస్ నంబరు 187తో లా ఆఫీసర్ల నియామకాలు, సర్వీసు షరతుల మీద ఇన్‌స్ట్రక్షన్స్ జారీ చేసింది. వాటి ప్రకారం పదవీకాలం మూడేళ్లు. కానీ ఒక నెల నోటీసు ఇచ్చి, లేదా ఒక నెల గౌరవ వేతనం చేతిలో పెట్టి ఎప్పుడైనా పంపేయవచ్చు. ఇంట్లో అద్దెకున్నవాణ్ని ఖాళీ చేయించాలన్నా ఇంతకంటే కష్టపడాలి. ఆ నెల నోటీసు నెత్తి మీద వేలాడుతుంటే సెక్రటరీ గారి ఫైలు మీద ఇది అప్పీలుకు తగదు అని రాసే ధైర్యం ఎవరికుంటుంది?

ఇక నియామకం. దరఖాస్తులు ఉంటాయి, అభిప్రాయాలు తీసుకుంటారు, కాగితం మీద అన్నీ సవ్యంగానే ఉంటాయి. జీవో వచ్చాక బార్ అసోసియేషన్ క్యాంటీన్లో ఎవరు ఎవరి మనిషో టీ చల్లారేలోగా తేలిపోతుంది. సిఫారసుతో వచ్చినవాళ్లంతా పనికిరానివాళ్లని అనను. బ్రహ్మాండంగా పనిచేసినవాళ్లను చూశాను. రాత్రి పదింటికి ఫోను చేసి, రేపు కేసుంది, ఎఫ్‌ఎంబీ స్కెచ్ పంపండి అని అడిగిన ఏజీపీలు నాకు తెలుసు. కానీ ఎమ్మెల్యే గారి మాట మీద వచ్చినాయన, ఆ ఎమ్మెల్యే గారి మనుషులు ఆక్రమించిన చెరువు కేసు తన లిస్టులోకి వచ్చినప్పుడు ఎటు చూస్తారన్నది నేను అడగక్కర్లేదు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు చెప్పాల్సింది చెప్పింది. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జిల్లాల్లోని ప్రభుత్వ ప్లీడర్లందర్నీ ఒక్క సర్క్యులరుతో తీసేస్తే, శ్రీలేఖ విద్యార్థి కేసులో ఆ సర్క్యులరును కొట్టేసింది. ప్లీడరును ఎంచుకునే స్వేచ్ఛ ప్రభుత్వానికి ఉంటుందని 2004లో జోహ్రీ మల్ కేసులో ఒప్పుకుంది, నిజమే. కానీ 2016 మార్చిలో బ్రిజేశ్వర్ సింగ్ చాహల్ కేసులో పంజాబ్, హర్యానా ఏజీ ఆఫీసుల నియామకాలు చూసి గట్టిగానే మాట్లాడింది. ఎంతమంది కావాలో లెక్క కట్టకుండా, తగినవాళ్లెవరో పరీక్షించకుండా లా ఆఫీసర్లను పెట్టుకోవడం న్యాయపాలనకే చేటని చెప్పి, అవసరం అంచనా వేయమని, కమిటీ ద్వారా ఎంపిక చేయమని ఆదేశించింది. ఏజీ పదవి జోలికి మాత్రం పోలేదు. హర్యానా అదే ఏడాది, పంజాబ్ 2017లో లా ఆఫీసర్ల నియామకానికి చట్టాలు చేశాయి. మిగతా రాష్ట్రాలు కూడా తమ పద్ధతులు సవరించుకోవచ్చని కోర్టు తలుపు తెరిచిపెట్టింది. ఆ చట్టాలతో అక్కడ సిఫారసులు పోయాయని నేను నమ్మను. కానీ నియమం పుస్తకంలో ఉంటే ప్రశ్నించేవాడికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో జీవో కాగితమే దిక్కు. ముందు మీరిద్దరూ మీ మీ ప్రభుత్వాలకు ఈ సలహా ఇవ్వండి. చట్టం చేయమనండి. మూడేళ్ల పదవీకాలాన్ని కారణం చెప్పకుండా తెంచకూడదని అందులో రాయమనండి. అడగకపోయినా ఇవ్వదగ్గ సలహా ఇది.

చట్టం వచ్చేదాకా చేయగలిగినవీ ఉన్నాయి. ఏ సబ్జెక్టులో ఎన్ని కేసులున్నాయి, ఎందరు ఏజీపీలున్నారు, ఎన్నింట్లో కౌంటరు పడలేదు అన్నది నెలనెలా వెబ్‌సైటులో పెట్టండి. కేసుల వివరాలు ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉన్నాయి కనుక ఇది పెద్ద పనేం కాదు. ఒకచోట కట్టలు నడుము ఎత్తున, ఇంకోచోట బల్ల ఖాళీ అన్న సంగతి అప్పుడు అందరికీ కనబడుతుంది. ఏ శాఖ రిమార్కులు పంపడం లేదో కూడా కనబడుతుంది. సెక్రటరీలు సిగ్గుపడేది పత్రికలో పేరు వచ్చినప్పుడే.

రెండో పని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అది నా సొంత గోడు. భూమి కేసులో ఇంగ్లీషు వాదన కంటే ముందు తెలుగు రికార్డు చదవడం రావాలి. కోస్తాలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్‌ఎస్‌ఆర్), డైగ్లాట్, అడంగల్. తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, ఉర్దూ మాటలతో నిండిన పాత ఫైసలాలు. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు పెట్టిన భూముల కోసం ఆంధ్రలో 2017లో ఏకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ చుక్కలు చూసి ఇది ప్రభుత్వ భూమి అని కౌంటరు వేసినవాళ్లున్నారు. తాతల కాలం నుంచి సాగులో ఉన్న కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. మొన్ననే లా డిగ్రీ పుచ్చుకున్న కుర్రాడికి, హైదరాబాదులోనో విజయవాడలోనో పుట్టి పెరిగినవాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? కాబట్టి జీపీ ఆఫీసులో ప్లీడర్లు మాత్రమే ఉంటే చాలదు. రిటైరైన సర్వేయర్లను, డిప్యూటీ తహశీల్దార్లను, ఉర్దూ, తెలుగు చేతిరాతలు చదివి ఇంగ్లీషు చేయగల అనువాదకులను జీతాలిచ్చి కూర్చోబెట్టండి. రికార్డు నకలు చూడగానే, సార్, ఇది పట్టాయే, వాదించకండి అని చెప్పే ముసలి సర్వేయరు ఒక్కడుంటే ఏడాదికి ఎన్ని కౌంటర్లు తగ్గుతాయో! ఒక్క వాయిదాకు ఢిల్లీ నుంచి పిలిపించే సీనియరు గారి ఫీజులో ఇలాంటివాళ్ల ఏడాది జీతాలు సర్దుకుంటాయి. ఢిల్లీ సీనియర్లు అవసరమైన కేసులు లేవని కాదు, అర ఎకరం 22-ఏ కేసుకు వాళ్లు రారు అని అంటున్నాను.

మూడోది, అప్పీలు. ప్రతి ఆర్డరు మీదా కేసు నడిపిన లా ఆఫీసరు, వారంలోగా ఒక పేజీ రాయాలి: అప్పీలుకు తగును, లేదా తగదు, కారణాలివి. తగదు అని రాసిన తర్వాత కూడా అప్పీలు వేయాలని శాఖ పట్టుబడితే, ఆ నిర్ణయం మీద సెక్రటరీ గారి సంతకం ఉండాలి, కింది గుమస్తా నోటు చాలదు. ఆ పేజీ ఆడిట్ ముందుకు వెళ్లాలి. అప్పుడు అప్పీలు వేయనివాడికి కాక వేసినవాడికి సంజాయిషీ వస్తుంది. ఇప్పుడున్న భయాన్ని తీసేయడం మన చేత కాదు గానీ, దాన్ని అటునుంచి ఇటు తిప్పడం మీ చేతిలో పని.

అమలు చేయమని కోర్టు ఇచ్చిన ఆర్డరు కూడా మండలానికి పూర్తి ఇంగ్లీషు పాఠంగా వెళ్తే చాలదు. తహశీల్దారు ఏం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నది తెలుగులో ఒక పేజీ పెట్టి పంపించండి. కంటెంప్ట్ కేసుల్లో చాలా భాగం పొగరు వల్ల వచ్చేవి కావు. ఆర్డరు ఏ బల్ల మీద ఆగిందో ఎవరికీ తెలియకపోవడం వల్ల వచ్చేవి. 2024 జనవరిలో సుప్రీంకోర్టు, అధికారులను మాటిమాటికీ కోర్టుకు రప్పించకూడదని హైకోర్టులకు ఒక పద్ధతి నిర్దేశించింది. కలెక్టర్లంతా ఊపిరి పీల్చుకున్నారు. మీరు పీల్చుకోవడానికి లేదు. అధికారి రాకపోతే కోర్టు మీ లా ఆఫీసరు మాటనే నమ్మాలి. ఆ మాటకు విలువ ఉండాలంటే ఆ లా ఆఫీసరుకు ఫైలు తెలిసుండాలి.

కింది కోర్టుల సంగతి ఒక్క మాట. సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ప్రభుత్వం మీద దావా వేయబోయేవాడు రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. తగాదా కోర్టుకు ఎక్కకుండా తేల్చుకోడానికి ప్రభుత్వానికి దొరికే అవకాశం అది. ఆ నోటీసులకు జవాబే ఇవ్వడం లేదని 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చివాట్లు పెట్టి, జవాబుకు బాధ్యుడైన అధికారిని నియమించమంది. నేను చూసిన సెక్షన్లలో ఆ నోటీసులు టపాలో ఎక్కి, నంబరు పడి, బీరువాలో చేరేవి. జిల్లా జీపీకి వాటిని చదివి జవాబు రాసే అధికారం ఇవ్వండి.

మీకు వేరే బాధ్యతలూ ఉన్నాయని తెలుసు. క్రిమినల్ కంటెంప్ట్ పిటిషన్లకు అనుమతి ఇవ్వాలి, ధర్మాదాయ ట్రస్టుల ఆస్తుల కోసం అదే కోడ్ 92వ సెక్షన్ కింద దావాలు వేయవచ్చు, బార్ కౌన్సిల్లో కూర్చోవాలి. పెద్ద కేసులు మీ సొంత భుజాల మీదే పడతాయి. వాటి మధ్య ఏజీపీల కుర్చీలూ టైపిస్టులూ అనువాదకులూ చిన్న విషయాలనిపించవచ్చు. గౌరవ వేతనం బిల్లు పాసవడం కోసం లా ఆఫీసర్లే ఆఫీసుల చుట్టూ తిరగడం చూసినవాణ్ని, నాకు అవి చిన్నవిగా కనిపించడం లేదు. ప్రభుత్వం మీద కేసు వేసిన మనిషికి మీ ఆఫీసంటే మీరు కాదు. ఆ ఉదయం లేచి, సమయం కావాలి అన్న ఏజీపీయే.

ఇందాక చెప్పిన రైతు మీద వేసిన అప్పీలు నేను రిటైరయ్యేనాటికి డిలే పిటిషన్ దగ్గరే ఆగి ఉంది. ఏ రాష్ట్రమో చెప్పలేదు కనుక మీరిద్దరూ మీ మీ రికార్డులు వెతికించాల్సి వస్తుంది. వెతికితే ఆ ఒక్కటే దొరకదు. దొరికిన ప్రతిదానికీ ఉపసంహరణ మెమో ఒకటి చాలు, అది ఒక పేజీ కూడా ఉండదు.

ఇట్లు,
విశ్రాంత రెవెన్యూ సూపరింటెండెంటు